అంకె పెరిగిందా, షుగరు పెరిగిందా?

పత్తి, మిరప పండే ఈ గుంటూరు నేలలో షుగరు మిషను గురించి రాయాలంటే పురుగుమందు బాధితుల వార్డు దగ్గర మొదలుపెట్టక తప్పదు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ డబ్బాల మీద పేర్లు వేరైనా అన్నీ ఆర్గానోఫాస్ఫేట్ జాతివే. చేలో కొడుతున్నప్పుడు ఒంటికెక్కినా, కడుపులోకి పోయినా ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు అట్రోపిన్. దానితో పాటు చాలాచోట్ల ప్రాలిడాక్సిమ్ కూడా ఎక్కిస్తారు. డాక్టర్లూ నర్సులూ దీన్ని పామ్ అంటారు. ఇది క్లోరైడ్ రూపంలోనూ వస్తుంది, అయోడైడ్ రూపంలోనూ వస్తుంది. రెండో రూపంలో మందు బరువులో దాదాపు సగం అయోడైడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లెక్కన ముందు కిలో బరువుకు 30 మిల్లీగ్రాములు, ఆపైన గంటకు 8 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కిస్తే, 60 కిలోల మనిషికి మొదటి 24 గంటల్లో 13 గ్రాముల మందు పోతుంది. అందులో ఆరు గ్రాములకు పైగా అయోడైడ్ ఉంటుంది.

ఆ అయోడైడ్ కలిసిన రక్తపు చుక్క గ్లూకోమీటర్ పట్టీ మీద పడితే, అది కూడా కరెంటు పుట్టిస్తుంది. మీటరు దాన్ని గ్లూకోజ్ కిందే జమ కడుతుంది. జపాన్‌లో అమ్మే గ్లూకోమీటర్ పట్టీల కాగితాల్లో ఈ హెచ్చరిక ఎప్పటినుంచో ఉంది: పామ్ ఎక్కుతున్న రోగికి మీటరు మీద అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు, దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇవ్వవద్దు. పురుగుమందు కేసులు మన దగ్గరకన్నా ఎంతో తక్కువగా చూసే దేశం ఇంత జాగ్రత్త పడింది. మిరప యార్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఐసీయూలలో ఈ మాట ప్రతి నర్సుకూ తెలిసి ఉండాలి.

చిక్కు అక్కడితో తీరదు. ఆర్గానోఫాస్ఫేట్ విషం నిజంగానే రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఒంటికి తగిలిన దెబ్బకు విడుదలయ్యే హార్మోన్లే అందుకు చాలు. కాబట్టి మీటరు 280 చూపిస్తే అందులో కొంత విషం పెంచిన నిజమైన చక్కెర, కొంత మందు పెంచిన వట్టి అంకె కావచ్చు. మొత్తాన్నీ నిజమనుకుని ఇన్సులిన్ ఎక్కిస్తే చక్కెర అడుగంటుతుంది. చెమటలు పట్టడం, మగత, మూర్ఛ రావడం విషానికీ లక్షణాలే, చక్కెర పడిపోవడానికీ లక్షణాలే. ఒళ్ళు తెలియని మనిషి నోరు విప్పి చెప్పలేడు. అలాంటప్పుడు పెద్ద లేబొరేటరీలో హెక్సోకైనేజ్ పద్ధతిలో చేసే రక్తపరీక్షే నమ్మదగ్గది.

ఈ ఒక్క ఉదాహరణలో మొత్తం ప్రశ్న ఇమిడి ఉంది. మందు బిళ్ళ వేసుకున్నాక, బలం మాత్ర మింగాక మిషను మీద అంకె మారితే దాని వెనుక రెండు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ఒకటి, ఆ మందు రక్తంలోని చక్కెరనే మార్చింది. రెండు, రక్తంలో చక్కెర ఎక్కడిదక్కడే ఉంది, మందు మిషను లెక్కను మార్చింది. మొదటిదానికి వైద్యం మార్చాలి. రెండోదానికి వైద్యం మారిస్తే ప్రమాదం. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే మన ఊళ్ళలో “ఆ బిళ్ళ వేసుకుంటే షుగరు పెరిగింది” అనే మాట అంత ధారాళంగా తిరుగుతోంది.

మిషను ఎలా లెక్కగడుతుందో కాస్త చూద్దాం. పట్టీ చివర ఒక ఎంజైమ్ ఎండబెట్టి ఉంటుంది. కొన్నిటిలో గ్లూకోజ్ ఆక్సిడేజ్, కొన్నిటిలో గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్. రక్తం తగలగానే అది గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగి మధ్యలో ఉన్న ఒక రసాయనానికి అందిస్తుంది, అది వాటిని లోహపు తీగకు చేరవేస్తుంది. ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తే అంత కరెంటు, అంత అంకె. ఎలక్ట్రాన్ గ్లూకోజ్ నుంచి వచ్చిందా, ఇంకెక్కడినుంచైనా వచ్చిందా అన్నది తీగకు తెలియదు. యార్డులో కాటా మీదికి బస్తా ఎక్కితే కాయ బరువూ కాయలో తడి బరువూ కలిసే తూగుతాయి కదా, ఇదీ అంతే. విటమిన్ సి, పారాసిటమాల్, యూరిక్ యాసిడ్, లెవోడోపా లాంటివి ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేస్తాయి. ఇవి రక్తంలో ఎక్కువైనప్పుడు ఆ తడి తూకంలోకి వస్తుంది. కొత్త తరం పట్టీలు ఈ అదనపు కరెంటును విడిగా కొలిచి తీసేస్తాయి, చౌకగా దొరికే పాత రకాలు అన్నీ అలా చేయలేవు. ఏ అడ్డంకీ లేకపోయినా మీటరుకు కొంత తేడా చూపే వెసులుబాటు ఉంది. 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 100 కన్నా తక్కువ అంకెల దగ్గర 15 మిల్లీగ్రాములు, 100, ఆపైన అంకెల దగ్గర 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. పరీక్షల్లో 95 శాతం ఈ హద్దులో ఉంటే ఆ మీటరు పాసైనట్టే. అంటే అసలు చక్కెర 200 ఉన్నప్పుడు 175 చూపినా, 225 చూపినా మీటరు చెడిపోలేదు. 20 పెరిగినందుకు నిన్న వేసుకున్న బిళ్ళను తప్పుపట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక విటమిన్ సి. దీనికి మిరపతో చుట్టరికం ఉంది. హంగరీలోని సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్ జార్జి 1930ల మొదట్లో ఈ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరుచేసింది అక్కడి మిరపకాయల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన పచ్చిమిర్చిలోనూ 100 గ్రాములకు 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. కళ్ళంలో ఎండకు ఎండేసరికి చాలావరకు పోతుంది. కూరలో నాలుగు పచ్చిమిరపకాయలు తిన్నందుకు గ్లూకోమీటరు తప్పు చెప్పదు, ఆ భయం అక్కరలేదు. ఎందుకంటే నోటితో తీసుకునే విటమిన్ సి ఎంతైనా ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు మిగులును బయటికి నెట్టేస్తాయి. రక్తంలో అది మామూలుగా డెసిలీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. వేలి పట్టీలను తడబడేలా చేయాలంటే సాధారణంగా అంతకు రెండింతలు, ఆపైనే కావాలి. కాబట్టి చప్పరించే 500 మిల్లీగ్రాముల సి బిళ్ళ రోజుకొకటి వేసుకునేవారికి వేలి నుంచి తీసిన చుక్కలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

తేడా వచ్చేది మూడు చోట్ల. మొదటిది, సూది ద్వారా నేరుగా నరంలోకి గ్రాముల లెక్కన ఎక్కించినప్పుడు. కరోనా రోజుల్లోనూ, సెప్సిస్ వైద్యంలోనూ ఇలా ఇచ్చారు. ఇప్పుడు ఒంటి రంగు తేలడానికని కొన్ని అందం క్లినిక్కులలో గ్లూటాథయోన్‌తో కలిపి ఎక్కిస్తున్నారు. నరంలోకి పోయినప్పుడు పేగు ఆపేదంటూ ఉండదు, రక్తంలో మోతాదు పదుల రెట్లు పెరుగుతుంది. మీటరు మీద అంకె వందలు దాటి కనిపించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రెండోది, మూత్రపిండాలు పనిచేయనివారు. వారిలో మిగులు బయటికి పోయే దారి లేదు, పేరుకుపోతుంది. షుగరుతో కిడ్నీ దెబ్బతిని డయాలసిస్ మీద ఉన్న మనిషి నీరసానికని సొంతంగా సి బిళ్ళలు కొనుక్కోవడం అందుకే మంచిది కాదు. మూడోది, భుజానికి అంటించుకునే సెన్సర్లు.

సెన్సర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఇవి ఇప్పుడు గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు క్లినిక్కులకూ వచ్చేశాయి కనుక. ఫ్రీస్టైల్ లిబ్రే లాంటి సెన్సర్ చర్మం కింద ఉన్న ద్రవంలో రోజుల తరబడి అలాగే ఉంటుంది. లిబ్రే 2 కాగితంలో తయారీదారే రాశాడు: రోజుకు 500 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సి తీసుకుంటే సెన్సర్ ఎక్కువ అంకె చూపవచ్చు, దానివల్ల చక్కెర బాగా పడిపోయిన సంగతి తెలియకుండా పోవచ్చు. తర్వాత వచ్చిన ప్లస్ రకాలకు ఆ హద్దు 1000 మిల్లీగ్రాములు. మన జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి సిఫారసు చేసేది రోజుకు 80 మిల్లీగ్రాములలోపే. తిండితో హద్దు దాటడం కష్టం. బిళ్ళ రెండు పూటలా వేసుకుంటే మాత్రం 1000 అయిపోతుంది. ఇక్కడ ఇంకొక సంగతి కలుస్తుంది. షుగరుకు మంచిదని పొద్దున్నే గ్లాసెడు ఉసిరి రసం తాగే అలవాటు మన దగ్గర బాగా పెరిగింది. 100 గ్రాముల ఉసిరిలో కొన్ని వందల మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. ఉసిరి రసం, దాని మీద ఒక సి బిళ్ళ, భుజం మీద లిబ్రే, రాత్రికి ఇన్సులిన్. ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర ఉంటే తెల్లవారుజామున 3 గంటలకు మోగాల్సిన అలారం మోగకపోవచ్చు. ఉసిరి చెడ్డది కాదు, సెన్సర్ చెడ్డది కాదు, రెండూ ఒకచోట ఉన్నాయని డాక్టరుకు తెలియకపోవడమే చెడ్డది.

విటమిన్ సిలో అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే గుణం మరొకటి ఉంది. అది ఒక పరీక్షలో అంకెను పైకి నెడుతుంది, ఇంకో పరీక్షలో కిందికి లాగుతుంది. వెనకటి తరానికి మూత్రంలో బెనెడిక్ట్ ద్రావణం పోసి కాచే పరీక్ష గుర్తుండే ఉంటుంది. నీలం ఆకుపచ్చై, పసుపై, ఇటుక రంగుకు తిరిగితే షుగరు బాగా పోతున్నట్టు. చక్కెర లేకపోయినా విటమిన్ సి ఎక్కువగా ఉంటే ఆ ద్రావణం రంగు మారేది. దాని తర్వాత వచ్చిన మూత్రపు పట్టీలలో ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్ అని రెండు ఎంజైములు ఉంటాయి. అక్కడ విటమిన్ సి రంగునే అడ్డుకుంటుంది, షుగరున్నా లేనట్టు కనిపిస్తుంది. ఇదే జంట ఎంజైముల పద్ధతిని మన ఊళ్ళలోని చిన్న లేబొరేటరీలు చాలావరకు రక్తపరీక్షకు వాడుతున్నాయి. చీటీ మీద జీఓడీ-పీఓడీ అని రాసి ఉండేది అదే. నరంలోకి విటమిన్ సి ఎక్కిన మనిషికి వేలి మిషను అసలుకన్నా ఎక్కువ చూపితే, దాన్ని సరిచూసుకుందామని పంపిన లేబొరేటరీ అసలుకన్నా తక్కువ చూపవచ్చు. రెండు అంకెల మధ్య ఎక్కడో నిజం ఉంటుంది. “లేబులో చూస్తే తేలిపోతుంది” అనే మాట ఇక్కడ చెల్లదు. ఏ పద్ధతిలో చేస్తారో అడగాలి, హెక్సోకైనేజ్ పద్ధతికి ఈ బెడద లేదు.

పారాసిటమాల్ కథ వేరు. పత్తి తీతలకు వంగి వంగి నడుం పట్టేసినా, మిరప కోతల్లో జ్వరం తగిలినా ఈ జిల్లాల్లో చేయి మొదట పోయేది డోలో మీదికే. నొప్పి బిళ్ళల్లో ఎసిక్లోఫెనాక్‌తోనో డైక్లోఫెనాక్‌తోనో కలిసి ఉండేదీ ఇదే, కాబట్టి పారాసిటమాల్ వేసుకుంటున్నామన్న సంగతి చాలామందికి తెలియదు. మామూలు మోతాదులో ఇది వేలి పట్టీలను పెద్దగా కదిలించదు. సెన్సర్లలో కొన్ని రకాలను మాత్రం అల్లకల్లోలం చేసింది. అమెరికాలో టైప్ 1 రోగులకు 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. అప్పటి డెక్స్‌కామ్ సెన్సర్ మాత్ర వేసుకున్న రెండు గంటలకు సగటున 60 మిల్లీగ్రాముల దాకా ఎక్కువ చూపింది. వేలి నుంచి తీసిన రక్తంలో అలాంటి పెరుగుదలేమీ లేదు. 2018లో వచ్చిన జీ6 రకంలో పారాసిటమాల్‌ను ఆపే పొర అమర్చారు. ఆరు గంటలకు ఒక గ్రాము దాటనంతవరకు ఇబ్బంది లేదంటారు. మెడ్‌ట్రానిక్ సెన్సర్ల కాగితాల్లో ఈ హెచ్చరిక కొనసాగుతూ వచ్చింది. లిబ్రేకు పారాసిటమాల్‌తో పేచీ లేదు, దాని పేచీ విటమిన్ సితో. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు తన సెన్సర్ అనుభవంతో చిలకలూరిపేటలో ఉన్న తల్లికి ఫోన్లో సలహా చెప్పేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. ఒక కంపెనీ సెన్సర్‌కు వర్తించే జాగ్రత్త ఇంకొకదానికి వర్తించదు. రక్తకణాల జబ్బులకు వాడే హైడ్రాక్సీయూరియా డెక్స్‌కామ్, మెడ్‌ట్రానిక్ సెన్సర్లను తప్పుదారి పట్టిస్తుంది. ఆ మందు వాడేవారు వేలి పరీక్షనే నమ్ముకోవాలి.

మరి మిగతా బలం బిళ్ళలు? షుగరు రోగుల్లో చాలామంది కాళ్ళ తిమ్మిర్లకని బి కాంప్లెక్స్ వాడతారు. బీ12, ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి, క్యాల్షియం ఏవీ మామూలు మోతాదుల్లో గ్లూకోమీటరును కదిలించవు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పసుపు బిళ్ళ మీద అనుమానం పెట్టుకోనక్కరలేదు. జుట్టు ఊడకుండా వాడే బయోటిన్ మీద మాత్రం వదంతి ఎక్కువ. అది షుగరు మిషనును తప్పు పట్టించదు, థైరాయిడ్, ట్రోపోనిన్, సీ పెప్టైడ్ లాంటి లేబొరేటరీ పరీక్షలను తప్పు పట్టిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబరులో దీని మీద హెచ్చరించింది. గుండెనొప్పితో వచ్చిన మనిషికి ట్రోపోనిన్ తక్కువ చూపడం షుగరు అంకె తప్పడం కన్నా ఎంత పెద్ద ప్రమాదమో చెప్పనక్కరలేదు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ దగ్గర విటమిన్ల పాత్ర తిరగబడుతుంది. అక్కడ చిక్కు విటమిన్ ఉండటం వల్ల రాదు, లేకపోవడం వల్ల వస్తుంది. ఇనుము తక్కువైనా, బీ12 తక్కువైనా ఎర్రకణాలు ఎక్కువ రోజులు రక్తంలో తిరుగుతాయి, వాటికి అంటుకునే చక్కెరా పెరుగుతుంది. అసలు షుగరుకన్నా హెచ్‌బీఏ1సీ ఎక్కువ కనిపిస్తుంది. ఐరన్ బిళ్ళలు మొదలుపెట్టాక కొత్త కణాలు వచ్చి అది తగ్గుతుంది. తగ్గింది షుగరు మందు వల్లేనని అందరూ సంతోషిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 59 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుందన్నది స్థిరపడిన సంగతి. ఈ రెండూ కలిపి చూస్తే, మన జిల్లాల్లో స్త్రీల హెచ్‌బీఏ1సీని హిమోగ్లోబిన్ అంకె పక్కన పెట్టుకోకుండా చదవకూడదని నా గట్టి అభిప్రాయం. రక్తం తక్కువైతే వేలి మీటరు కూడా ఎక్కువే చూపుతుంది. చుక్కలో ఎర్రకణాలు తగ్గి ప్లాస్మా పెరుగుతుంది కనుక. కొత్త మీటర్లు దీన్ని సర్దుకుంటాయి. దానికి ఎదురు, వేసవిలో నీళ్ళు చాలక రక్తం చిక్కబడితే తక్కువ చూపవచ్చు. కుష్ఠు వైద్యంలో వాడే డాప్సోన్ ఎర్రకణాలను తొందరగా చంపి హెచ్‌బీఏ1సీని అబద్ధంగా తగ్గిస్తుంది.

ఇంతదాకా చెప్పినవి లెక్క తప్పించేవి. నిజంగా చక్కెరను పెంచేవాటిలో మన పల్లెల్లో అన్నిటికన్నా పెద్దది స్టెరాయిడ్. మోకాళ్ళ నొప్పి, ఆయాసం, ఒంటి దురద అంటూ ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఇచ్చే సూదిలో డెక్సామెథాసోనో బీటామెథాసోనో ఉండటం కొత్త సంగతి కాదు. నొప్పి ఆ పూటకే తగ్గుతుంది, మనిషి మర్నాడు పత్తి చేలోకి పోగలుగుతాడు. చక్కెర మాత్రం రెండు మూడు రోజులు ఎగబాకుతుంది. కీలులోకి వేసే సూది అయితే వారం దాకా కూడా. పొద్దున వేసుకునే ప్రెడ్నిసోలోన్ బిళ్ళకు ఇంకో చిత్రమైన గుణం ఉంది. పరగడుపున అంకె దాదాపు మామూలుగానే ఉంటుంది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా 300 కూడా దాటవచ్చు. పొద్దున్నే ఒక్కసారి చూసుకుని “బాగానే ఉంది” అనుకునేవారికి ఇది దొరకదు. స్టెరాయిడ్ వాడినన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలకు చూడాలి. ఇక్కడ మిషను చెప్పేది అక్షరాలా నిజం. దాన్ని మిషను తప్పని కొట్టిపారేయడం మరో రకం పొరపాటు. బీపీకి వాడే థయజైడ్ బిళ్ళలు, మానసిక వ్యాధులకు ఇచ్చే ఒలాంజపిన్ నెమ్మదిగా పెంచుతాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ కాస్త పెంచుతుంది, అయినా దానివల్ల గుండెకు జరిగే మేలు ముందు అది లెక్కలోకి రాదు.

దించేవి కూడా ఉన్నాయి. గ్లిమెపిరైడ్ వాడేవారికి కో-ట్రైమాక్సజోల్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ తోడైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. లెవోఫ్లాక్సాసిన్ పెంచనూగలదు, దించనూగలదు. ఆ వర్గానికే చెందిన గాటిఫ్లాక్సాసిన్‌ను ఇందుకే 2011లో మన దేశంలో నిషేధించారు. గుండెదడకు వాడే ప్రొప్రనోలోల్ లాంటివి చక్కెర పడినప్పుడు వచ్చే దడను కప్పేస్తాయి, చెమట మాత్రం పడుతుంది. ఆ చెమటను ఎండ వల్లే అనుకునే ఊళ్ళు మనవి. పేరులేని పొట్లాల్లో అమ్మే షుగరు చూర్ణాల సంగతీ ఇక్కడే చెప్పాలి. మూలికలేనని అమ్మిన మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ కలిపినట్టు అనేక దేశాల్లో బయటపడింది. చూర్ణం మొదలుపెట్టిన వారంలోనే అంకెలు అద్భుతంగా తగ్గితే ఆనందించడం కన్నా అనుమానించడం మేలు.

ఒక పాత గుణపాఠం కూడా ఈ చర్చలో ఉండాలి. పీక్యూక్యూ అనే సహకారి ఉన్న డీహైడ్రోజనేజ్ పట్టీలకు గ్లూకోజ్‌కూ మాల్టోజ్‌కూ తేడా తెలిసేది కాదు. పొట్టలో ద్రవం నింపి చేసే డయాలసిస్‌లో వాడే ఐకోడెక్స్ట్రిన్ ఒంట్లో మాల్టోజ్‌గా విరుగుతుంది. 1997 నుంచి 2009 దాకా ఇలాంటి తప్పు అంకెలతో ముడిపడిన 13 మరణాలు తనకు అందాయని ఎఫ్‌డీఏ 2009 ఆగస్టులో ప్రకటించింది. ఆ తర్వాత ఆ పట్టీలు చాలావరకు మారిపోయాయి. మాల్టోజ్ మాత్రం పోలేదు, కొన్ని రకాల ఇమ్యునోగ్లోబులిన్ సీసాల్లో అది కలిపే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గిలన్ బారే సిండ్రోమ్ కేసులతో గుంటూరు జీజీహెచ్ వార్తల్లోకి వచ్చినప్పుడు ఆ రోగులకు ఇచ్చే ప్రధానమైన వైద్యాల్లో ఇమ్యునోగ్లోబులిన్ ఒకటి. సీసా మీద మాల్టోజ్ అని ఉంటే, వార్డులో వాడే పట్టీ ఏ ఎంజైముదో చూసుకోవాలి.

మందులతో సంబంధం లేకుండా మన ఎండ ఒక్కటే చాలు అంకెను పాడుచేయడానికి. పట్టీల డబ్బా మీద 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని రాసి ఉంటుంది. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 45 దాటుతుంది. రేకుల ఇంట్లో కిటికీ గూట్లో పెట్టిన డబ్బాలోని ఎంజైమ్ ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. మూత తీసి వదిలేస్తే తేమ మిగతా పని చేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టడమూ సరి కాదు. ఇంట్లో నీడగా ఉండే చల్లటి మూలే దానికి చోటు. జామకాయో మామిడిపండో తిన్న చేత్తో వేలు గుచ్చితే పండు చక్కెరే రక్తంలో కలుస్తుంది. సబ్బుతో కడిగి, ఆరాకే గుచ్చాలి, స్పిరిట్ దూది ఒక్కటే చాలదు. లేబొరేటరీకి పంపే రక్తంలోనూ ఇదే తంటా ఉంది. గొట్టంలో రక్తకణాలు చక్కెర తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. దర్శిలో తీసిన నమూనా బస్సులో ఒంగోలు చేరేసరికి 200 కాస్తా 170 అయి ఉండవచ్చు. అందుకే బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టంలో తీయాలి. అది కూడా పూర్తిగా పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది కనుక త్వరగా చేరవేయాలి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. ఇంతమంది చేతుల్లోకి మీటరు వచ్చింది, మంచిదే. మీటరుతో వచ్చే ఆ చిన్న అక్షరాల కాగితం కూడా చదవదగ్గ తెలుగులో రావాలి. ఏ మందుతో తప్పు చూపుతుందో, ఎంత వేడికి చెడుతుందో పట్టీ కొనే ప్రతి మనిషికీ మెడికల్ షాపులో ఒక్క నిమిషం చెప్పాలి. ఒంటికి తెలిసినదీ అంకె చెప్పినదీ కలవకపోతే ఒంటినే నమ్మాలి. సెన్సర్ 150 అంటున్నా వణుకు, చెమట, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే వేలు గుచ్చి చూడాలి, మిషను దగ్గర లేకపోతే ముందు చక్కెర నోట్లో వేసుకోవాలి. సొంతంగా ఇన్సులిన్ పెంచుకునేముందు చేయి కడిగి కొత్త పట్టీతో మరోసారి చూడాలి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు అంకెల పుస్తకంలో అంకె పక్కనే ఆ వారం ఒంట్లోకి పోయినవన్నీ రాసుకుపోవాలి: మంగళవారం నుంచి సి బిళ్ళ రెండు పూటలా, రోజూ ఉసిరి రసం, బుధవారం మోకాలికి సూది, నిన్న రాత్రి నొప్పి బిళ్ళ, పోయిన నెల నుంచి ఐరన్. ఆ ఐదు మాటలుంటే డాక్టరు 260 అన్న అంకెను చూసి ముందు సూది సంగతి అడుగుతాడు, ఇన్సులిన్ సంగతి ఆ తర్వాత.